ఒట్టు తీసి గట్టున పెట్టిన బిషప్ గారు

మాట తప్పిన మనిషి కావాలంటే ఏ ఊరివాళ్లకు ఆ ఊళ్లోనే దొరుకుతాడు. దానికోసం ఏడు వందల ఏళ్లు వెనక్కి, అందులోనూ స్కాట్లాండు దాకా, ప్రయాణం కట్టవలసిన పని లేదు. అయినా ఈ వ్యాసకర్త అందుకు పూనుకోవడానికి బలమైన కారణం ఉంది. మామూలుగా మాట తప్పేవాడు ఒకసారి తప్పుతాడు, రెండోసారి అతని మాట ఎవరూ అడగరు. ఒకే రాజుకు, ఒకే విషయం మీద, ఆరుసార్లు విధేయతా ప్రమాణం చేసి, ఆరుసార్లూ ఆ ఒట్టును తీసి గట్టున పెట్టి, ఇంత జరుగుతున్నా నలభై మూడేళ్లపాటు ఒకే పీఠానికి బిషప్‌గా ఉండి, ఆ హోదాలోనే కన్నుమూసిన మహానుభావుడు మాత్రం ఊరికొకడు దొరకడు. ఆయన గ్లాస్గో బిషప్ రాబర్ట్ విషార్ట్. ఇంటిపేరులోని మొదటి రెండక్షరాలు చూసి తెలుగు పాఠకులు తొందరపడి ఒక అభిప్రాయానికి రాకూడదని మనవి. ఆ తొందరంతా ఇంగ్లండు రాజు ఒకటో ఎడ్వర్డు మన తరఫున కూడా పడి ఉన్నాడు.

ఆరు అనే అంకె మనం వేసింది కాదు. 1306లో బిషప్ గారు పట్టుబడిన తర్వాత, ఆయన నేరాలన్నిటినీ ఏకరువు పెడుతూ ఎడ్వర్డు గుమాస్తాలు తయారుచేసిన అభియోగ పత్రంలోని లెక్క అది. రాజుగారి గుమాస్తాల కూడికను శంకించే ధైర్యం మనకు లేదు. అయితే ఆ పత్రాన్ని నిదానంగా చదివినవారికి ఒక సందేహం కలగక మానదు. మొదటి ఒట్టు తప్పినవాడి చేత రెండో ఒట్టు, రెండోది తప్పినవాడి చేత మూడోది, ఇలా వరసగా వేయించుకుంటూ పోయిన పెద్దమనిషిని గురించి అందులో ఒక్క వాక్యం లేదు. అప్పు ఎగ్గొట్టినవాడిని లోకం ఆడిపోసుకుంటుంది, నిజమే. అదే మనిషికి ఆరుసార్లు పిలిచి అప్పిచ్చిన షావుకారును ఏమనాలో కూడా లోకానికి ఒక మాట ఉంటుంది.

బిషప్ గారి ఉద్యోగ ప్రవేశం ఏ వివాదమూ లేకుండా, ఎంతో సంప్రదాయబద్ధంగా జరిగింది. గ్లాస్గో పీఠానికి ఎన్నికైన విలియం విషార్ట్ అనే పెద్దాయన, అంతకన్నా పెద్దదైన సెయింట్ ఆండ్రూస్ పీఠం ఖాళీ కాగానే అటు మారిపోయాడు. ఆయన లేచిన కుర్చీ వేడి చల్లారకముందే అందులో కూర్చోవడానికి ఆయన దగ్గర బంధువైన రాబర్ట్ కన్నా అర్హుడు స్కాట్లాండు మొత్తంలో ఎవరికీ కనిపించలేదు. 1273లో అభిషేకం జరిగింది. దీన్ని బంధుప్రీతి అనేవారు ఉండవచ్చుగాని, తర్వాతి నలభై మూడేళ్ల చరిత్ర చూసినవారెవరూ అర్హత విషయంలో ఆ ఎన్నిక తప్పని అనలేరు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే బిషప్ గారి ప్రవర్తన అర్థం కాదు. పోప్ 1192లో ఇచ్చిన ఒక శాసనం ప్రకారం స్కాట్లాండు చర్చి రోముకు నేరుగా లోబడిన 'ప్రత్యేక పుత్రిక'. నడుమ ఇంకెవరి పెత్తనమూ లేదు. ఆ దేశంలో ఆర్చిబిషప్ అనేవాడే అప్పటికి లేడు, 1472 దాకా రాలేదు కూడా. ఒక్క గాలోవే మేత్రాసనం, అంటే అక్కడి బిషప్ ఇలాకా, తప్ప మిగిలిన బిషప్పులందరూ అత్తగారు లేని ఇంట కాపురానికి వచ్చిన కోడళ్లలాగా సుఖంగా ఉండేవారు. రోములోని తండ్రి చాలా దూరం, ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టేది. అయితే దక్షిణాన ఇంగ్లండులో యార్క్ ఆర్చిబిషప్ మాత్రం తానే అసలు అత్తగారినని తరతరాలుగా గొడవ చేస్తూనే ఉన్నాడు. స్కాట్లాండు ఇంగ్లండు రాజు చేతిలోకి పోతే ఆ అత్తగారు పెట్టే బేడా సర్దుకుని దిగుతుంది. దేశభక్తి అనేది ఏ నేల నుంచి మొలుస్తుందో చెప్పడం కష్టం. గ్లాస్గోలో మాత్రం అది చాలావరకు యార్క్ మీది భయం నుంచే మొలిచిందని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

1286 మార్చిలో ఒక తుపాను రాత్రి, ఎవరెంత చెప్పినా వినకుండా కొత్త భార్య దగ్గరకు గుర్రం మీద బయలుదేరిన మూడో అలెగ్జాండర్ రాజు కింగ్‌హార్న్ దగ్గర పడి చనిపోయాడు. వారసురాలు నార్వేలో ఉన్న మూడేళ్ల మనవరాలు. దేశాన్ని నడపడానికి ఇద్దరు బిషప్పులు, ఇద్దరు ఎర్లులు, ఇద్దరు బారన్లు, మొత్తం ఆరుగురు సంరక్షకులను ఎన్నుకున్నారు. వారిలో విషార్ట్ ఒకరు. ఆ పసిపాపను ఎడ్వర్డు కొడుక్కి ఇచ్చి పెళ్లి చేయాలని 1290లో బర్గమ్ దగ్గర ఒప్పందం కుదిరింది. పెళ్లయినా స్కాట్లాండు వేరుగానే, స్వతంత్రంగానే ఉంటుందని ఇంగ్లండు పక్షం అందులో రాసిచ్చింది. పిల్ల ఆ సెప్టెంబరులోనే, దారిలో ఆర్క్నీ దీవుల దగ్గర కన్నుమూసింది. పాపం, ఈ కథలో ఏ ఒట్టూ పెట్టకుండా పోయిన మనిషి ఆ పిల్ల ఒక్కతే.

సింహాసనం కోసం డజను మందికి పైగా హక్కుదార్లు బయలుదేరారు. వారి తగవు తీర్చడానికి స్కాట్లు ఎడ్వర్డును పిలిచారు. పిల్లుల రొట్టె తగవు తీర్చడానికి వచ్చిన కోతి కనీసం మొదట తక్కెడ బయటికి తీసింది. ఎడ్వర్డు 1291 మేలో నారమ్‌కు వచ్చి, తక్కెడ తీయడానికి ముందే, రొట్టె మీద పైహక్కు తనదేనని ఒప్పుకోమన్నాడు. ఆ సభలో విషార్ట్ లేచి, ఈ రాజ్యం ఎవరికీ సామంత రాజ్యం కాదని ముఖం మీదే చెప్పాడని తర్వాతి కాలపు స్కాటిష్ చరిత్రకారులు రాశారు. ఆ ధైర్యం మెచ్చుకోదగినదే. మెచ్చుకోవడం పూర్తి కాకముందే, జూన్‌లో, తక్కిన పెద్దలతో పాటు బిషప్ గారు కూడా ఎడ్వర్డుకు విధేయతా ప్రమాణం చేశారు. అది మొదటి ఒట్టు. నూట నలుగురు మధ్యవర్తులు కూర్చుని పదిహేడు నెలలు విచారించి 1292 నవంబరులో జాన్ బేలియల్‌ను రాజును చేశారు. విషార్ట్ ఓడిపోయిన హక్కుదారు బ్రూస్ పక్షం మధ్యవర్తుల్లో ఉన్నాడు. ఆ బ్రూస్ పేరు గుర్తుపెట్టుకోవాలి. ఆ బ్రూస్ మనవడు తర్వాత వస్తాడు.

బేలియల్ నాలుగేళ్లు నానా అవమానాలు పడి తిరగబడ్డాడు. 1296లో ఎడ్వర్డు వచ్చి బెరిక్ పట్టణాన్ని ఊచకోత కోసి, డన్బార్ దగ్గర స్కాటిష్ సైన్యాన్ని చెదరగొట్టి, బేలియల్ అంగీ మీది రాచ చిహ్నాలను ఊడబెరికించి ఖైదుకు పంపాడు. పోతూ పోతూ స్కోన్‌లో రాజులు అభిషిక్తులయ్యే రాతిని, పవిత్ర సిలువ ముక్కగా స్కాట్లు కొలిచే నల్ల సిలువను కూడా బండికెత్తాడు. ఆగస్టులో బెరిక్‌లో పదిహేను వందలకు పైగా భూస్వాములూ గురువులూ పట్టణ పెద్దలూ వరసగా నిలబడి తమ పేర్లూ ముద్రలూ వేసి రాజుకు లోబడ్డారు. ఆ పత్రాలకు వేలాడే ముద్రల గుత్తుల మధ్య గ్లాస్గో బిషప్ ఒట్టు కూడా ఉంది. అంత పెద్ద వరసలో ఒక ఒట్టు ఎక్కువైనా తక్కువైనా రాజుకు తేడా తెలియదని బిషప్ గారు అనుకుని ఉంటారు. కానీ రాజు ఆ జాబితాను పోగొట్టుకునే రకం కాదు.

ఏడాది తిరగకుండానే ఆ ఒట్టు గట్టెక్కింది. 1297 వేసవిలో విషార్ట్, జేమ్స్ స్టూవర్ట్ అనే ప్రభువు, ఆ బ్రూస్ మనవడైన కుర్ర బ్రూస్ కలిసి తిరుగుబాటు లేవదీశారు. ఇంగ్లిష్ సైన్యం ఎదురు రాగానే జూలైలో ఇర్విన్ దగ్గర యుద్ధం మానేసి షరతులు మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ మాటలు ఎంతసేపు సాగాయంటే, ఈలోగా ఉత్తరాన విలియం వాలెస్ ఒక సైన్యాన్ని పోగుచేసుకోగలిగాడు. అది కావాలనే చేసిన సాగదీత అని ఇంగ్లిష్ వాళ్లకు అప్పుడే అనుమానం వచ్చింది. కావాలని చేసినా, మామూలు అలవాటుగా చేసినా, ఒక కమిటీ మీటింగు ఒక దేశానికి మేలు చేసిన సందర్భాలు చరిత్రలో బహు తక్కువ కనుక దీన్ని ప్రత్యేకంగా గుర్తించాలి. సెప్టెంబరులో స్టర్లింగ్ వంతెన దగ్గర వాలెస్, ఆండ్రూ మరే కలిసి ఇంగ్లిష్ సైన్యాన్ని నలగ్గొట్టారు.

ఆ గెలుపులో బిషప్ గారి వాటా ఎంతో తేల్చవలసిన వాలెస్ మాత్రం ఇర్విన్ లొంగుబాటు కబురు వినగానే కోపం పట్టలేక నేరుగా బిషప్ గారి ఇంటి మీద పడి సామానూ ఆయుధాలూ గుర్రాలూ తోలుకుపోయాడు. దానితో పాటు బిషప్ గారి కొడుకులను కూడా పట్టుకుపోయాడని ఇంగ్లండు మఠంలో కూర్చుని చరిత్ర రాసిన గిస్‌బరో వాల్టర్ అంటాడు. బ్రహ్మచర్య వ్రతంలో ఉన్న బిషప్‌కు కొడుకులేమిటని చదువరులు కంగారు పడనక్కరలేదు. వాళ్లను మేనల్లుళ్లు అని పిలుస్తారని ఆయనే అదే వాక్యంలో సర్దిచెప్పాడు. శత్రుదేశపు సన్యాసి రాసిన మాట కాబట్టి దాన్ని చిటికెడు ఉప్పుగా కూడా తీసుకోవచ్చు, పిడికెడుగా కూడా తీసుకోవచ్చు. ఇటు వాలెస్ ఇల్లు దోచుకుపోగా, అటు లొంగిపోయిన బిషప్ గారిని ఇంగ్లిష్ వాళ్లు, ఈయన కోటలోపలి నుంచి కూడా కుట్ర చేయగలడన్న అనుమానంతో, రాక్స్‌బరో కోటలో పెట్టి తాళం వేశారు. రెంటికి చెడ్డ రేవడి అన్న మాటకు ఇంతకన్నా నిక్కమైన ఉదాహరణ దొరకదు. లానర్‌కాస్ట్ మఠం వృత్తాంతకారుడు అప్పటికే ఆయన్ని ద్రోహంలో ఎప్పుడూ ముందుండేవాడని వర్ణించాడు. శత్రువు రాసిచ్చిన యోగ్యతాపత్రాల్లో దీన్ని మించింది ఏ దేశభక్తుడికీ దక్కి ఉండదు.

1300 అక్టోబరులో కంబర్లండులోని హోమ్ కల్ట్రమ్ మఠంలో జరిగిన ప్రమాణం గురించి మాత్రం కాస్త ఆగి చెప్పుకోవాలి. అప్పటికి రాజుకు మామూలు ఒట్ల మీద నమ్మకం పోయింది. అందుకని ఈసారి దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా కొలిచే రొట్టె, ముందు పెట్టించాడు. సువార్త గ్రంథాలు పెట్టించాడు. అవి చాలవేమోనని రెండు సిలువలు కూడా తెప్పించాడు. అందులో ఒకటి నల్ల సిలువ, అంటే నాలుగేళ్ల కిందట స్కాట్లాండు నుంచి ఎత్తుకొచ్చింది. రెండోది వేల్సు రాజుల ఇంటి సిలువ, అది వేల్సును లొంగదీసినప్పుడు 1283లో పట్టుకొచ్చింది. బిషప్ గారు చేయి చాచి ఈ నాలిగింటి మీదా ప్రమాణం చేశారు. ఎదురుగా సాక్షులు, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తులు, బల్ల మీద దోపిడీ సొత్తు. ఎత్తుకొచ్చిన సిలువ మీద, ఎత్తుకొచ్చినవాడి కోసం, దాన్ని పోగొట్టుకున్న దేశపు బిషప్ చేసిన ప్రమాణం చెల్లుతుందా చెల్లదా అన్నది ధర్మసూక్ష్మం. దేవుడు ఆ సమయంలో ఎవరి పక్షాన విన్నాడో తెలియదు కానీ, సిలువలు మాత్రం తమ యజమానిని గుర్తుపట్టి ఉండాలి.

పోప్ సంగతి కూడా ఇక్కడే. 1299లో ఎనిమిదో బోనిఫేస్ పోప్, స్కాట్లాండు రోము చర్చిదేననీ, గ్లాస్గో బిషప్ లాంటి వాళ్లను బంధించడం అన్యాయమనీ ఎడ్వర్డుకు గట్టిగా ఉత్తరం రాశాడు. మూడేళ్లు గడిచేసరికి పోప్ గారికి ఫ్రాన్సు రాజుతో పడకుండా పోయి, ఇంగ్లండు రాజు మంచివాడుగా కనిపించసాగాడు. 1302 ఆగస్టులో అదే పోప్ అదే బిషప్‌కు మరో ఉత్తరం రాసి, మా ప్రియ పుత్రుడు ఎడ్వర్డుకూ స్కాట్లకూ మధ్య నడుస్తున్న గొడవలన్నిటికీ మూలకారకుడివి, పురికొల్పినవాడివి నువ్వే, పశ్చాత్తాపపడు అని మందలించాడు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టడం రోములో నేర్పే విద్య అయినప్పుడు, గ్లాస్గోలో అది కనబడితే మందలించడం గురువు శిష్యుణ్ణి తన పద్యం తనకే అప్పజెప్పినందుకు కొట్టినట్టుంది. 1304లో స్కాట్లాండు పెద్దలంతా మళ్లీ లొంగిపోయారు, బిషప్ గారూ లొంగిపోయారు, మళ్లీ ఒట్టు. ఆ ఒట్టు గురించి చెప్పడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు, అప్పటికి అది అలవాటైన పని.

కలప వ్యవహారానికి వద్దాం. ఈ వ్యాసం రాయడానికి అసలు ప్రేరణ అదే.

గ్లాస్గో కేథడ్రల్‌కు గంటస్తంభం కట్టాలన్న సంకల్పం పాతది. 1277 నాటికే లస్ ప్రభువు అడవిలో కలప కొట్టుకునే హక్కును అందుకోసం కొన్న దాఖలా ఉంది. పని నడుస్తూనే ఉంది, అంటే నడవడం లేదని అర్థం. ఇది తెలిసి ఎడ్వర్డు, అన్ని తగవుల మధ్యా భక్తి మరిచిపోని మనిషి కనుక, గంటస్తంభం కోసం బిషప్‌కు కలప మంజూరు చేశాడు. భక్తి విషయంలో రాజును తప్పు పట్టడానికి వీల్లేదు. 1301లో దండయాత్ర మధ్యలో కూడా ఇదే కేథడ్రల్‌కు వచ్చి, గ్లాస్గో కొలిచే పునీతుడు సెయింట్ మంగో సమాధి దగ్గర మోకరిల్లి, కానుకలు సమర్పించి మరీ యుద్ధానికి వెళ్లాడు. అలాంటి రాజు ఇచ్చిన కలప గ్లాస్గో చేరింది. దూలాలు చెక్కారు, తాళ్లు కట్టారు, పొడవాటి చేయి అమర్చారు. పైకి లేచిన నిర్మాణం మాత్రం గంటస్తంభం కాదు, కోటగోడల మీదికి బండరాళ్లు రువ్వే యంత్రం. గ్లాస్గోకు ఈశాన్యాన కొద్ది మైళ్ల దూరంలో ఇంగ్లిష్ సైనికులున్న కిర్కిన్‌టిలాక్ కోటను ముట్టడించడానికి ఆ యంత్రాలను వాడారని అభియోగ పత్రం అంటోంది.

దీన్ని నిధుల మళ్లింపు అని తేలికగా కొట్టిపారేయడం సాంకేతికంగా సరికాదు. గంటస్తంభం ఎందుకు కడతారు? ఊరివాళ్లందరికీ ఒకేసారి వినపడేలా చప్పుడు చేయడానికి. ముట్టడి యంత్రం చేసేదీ అదే, కాకపోతే ఇందులో చప్పుడుతో పాటు రాయి కూడా చేరుతుంది. మంజూరు ఉత్తరువులో కలప నిలువుగా వాడాలా ఏటవాలుగా వాడాలా అని షరతు పెట్టి ఉంటే వేరు. మన భాషలో కృతఘ్నుణ్ణి తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు అంటారు. ఈ సామెత పుట్టించిన పెద్దల ఊహ లెక్కపెట్టడం దగ్గరే ఆగిపోయింది. లెక్కపెట్టిన వాసాలను విప్పి, మోకుతాడు కట్టి, వాటితో అన్నం పెట్టినవాడి మీదికే రాళ్లు విసిరే మనిషి ఒకడు పుడతాడని వాళ్లు కలలో కూడా అనుకుని ఉండరు. గ్లాస్గో నగర చిహ్నంలో ఈనాటికీ ఒక చెట్టు, ఒక పిట్ట, ఒక చేప, ఒక గంట ఉంటాయి. ఎన్నడూ ఎదగని చెట్టు, ఎన్నడూ ఎగరని పిట్ట, ఎన్నడూ ఈదని చేప, ఎన్నడూ మోగని గంట అని అక్కడి పిల్లలు పాడుకుంటారు. ఆ గంట సెయింట్ మంగో మహిమల కథల్లోదని పండితులు చెబుతారు. చెట్టుకూ మోగని గంటకూ మధ్య కలప ఏమైందన్న ప్రశ్న మాత్రం ఈ వ్యాసకర్తను వదలడం లేదు.

1306 ఫిబ్రవరి 10న డంఫ్రీస్‌లో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల చర్చిలో రాబర్ట్ బ్రూస్, అంటే ఇందాక గుర్తుపెట్టుకోమన్న మనవడు, తన ప్రత్యర్థి జాన్ కామిన్‌తో మాట్లాడుతూ మాట్లాడుతూ కత్తి దూశాడు. కామిన్ బలిపీఠం దగ్గరే చనిపోయాడు. ఇంటికన్నా గుడి పదిలం అన్న సామెత డంఫ్రీస్ దాకా వెళ్లలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. గుడిలో హత్య అంటే మామూలు పాపం కాదు, రోము నుంచి వెలివేత తప్పదు, వెలివేయబడినవాడికి కిరీటం పెట్టడం ఏ బిషప్‌కూ తగదు. బ్రూస్ గుర్రాన్ని గ్లాస్గో వైపు తిప్పాడు. రోము నుంచి కబురు రావడానికి నెలలు పడుతుందన్న లెక్క బిషప్ గారికి అందరికన్నా బాగా తెలుసు. రోజుల్లోనే పాపవిమోచనం ఇచ్చి, వెళ్లి నీ వారసత్వం తీసుకో అన్నారు.

ఊరికే ఇవ్వలేదు. ఇక మీదట స్కాట్లాండు గురువర్గం చెప్పినట్టే నడుచుకుంటానని బ్రూస్ చేత ప్రమాణం చేయించారు. బెరిక్ నుంచి ఆ మార్చిలో ఒక ఇంగ్లిష్ వేగు పంపిన లేఖ ఈ సంగతి చెబుతోంది. ఆ గదిలో నిలబడ్డ ఇద్దరినీ ఒకసారి చూడాలి. ఒకరు ఒట్టు తప్పడంలో తలపండిన వృద్ధుడు. మరొకరు వయసుకు చిన్నవాడైనా అప్పటికే ఎడ్వర్డుకు ఇచ్చిన మాట అటూ ఇటూ తిప్పిన అనుభవజ్ఞుడు. ఒకరు చేయి చాచమన్నారు, ఇంకొకరు చాచారు. నవ్వు ఆపుకోవడానికి ఇద్దరిలో ఎవరు ఎక్కువ కష్టపడ్డారో లేఖలో లేదు.

ఆ తర్వాత బిషప్ గారి ఖజానా తలుపులు తెరుచుకున్నాయి. అభిషేకానికి కావలసిన వస్త్రాలు బయటికి వచ్చాయి. ఎడ్వర్డు 1296లో దేశం మొత్తాన్ని గాలించి రాతినీ సిలువనూ పట్టుకుపోయినా కంట పడకుండా దాచిన, చివరి రాజు చిహ్నం ఉన్న జెండా కూడా ఆ పెట్టెల అడుగు నుంచే వచ్చింది. పదేళ్లపాటు పెట్టె పైన ఒట్లు పేరుకున్నాయి, అడుగున జెండా మడత నలగకుండా ఉంది. మార్చి 25న స్కోన్‌లో, రాయి లేని చోట, బ్రూస్ రాజయ్యాడు. ఈ రాజు పక్షాన పోరాడడం పవిత్ర భూమికి పోయి పోరాడినంత పుణ్యమని బిషప్ గారు ప్రచారం చేశారు. దూరాభారం ఆలోచిస్తే అది భక్తులకు ఎంతో చవకైన బేరం.

ఈ ఘట్టంలోనే నీతిమంతులు బిషప్ గారి మీద విరుచుకుపడతారు కాబట్టి, అంతకు ఆరు వారాల ముందు జరిగిన మరో పాపవిమోచనాన్ని వారికి జ్ఞాపకం చేయడం మన విధి. ఎడ్వర్డు 1297లో డబ్బుకు కటకటలాడుతున్నప్పుడు తన ప్రభువులకు లొంగి, పన్నుల విషయంలోనూ అడవుల విషయంలోనూ కొన్ని హామీలిచ్చి, వాటిని నిలబెట్టుకుంటానని ప్రమాణం చేశాడు. డబ్బు కష్టం తీరాక ఆ ప్రమాణం కంట్లో నలుసైంది. 1305లో తన ఏలుబడిలోని బోర్డోకు ఆర్చిబిషప్‌గా ఉన్న పెద్దమనిషే ఐదో క్లెమెంట్ పేరుతో పోప్ కావడం దైవికంగా కలిసివచ్చింది. డిసెంబరు 29న పోప్ గారు ఒక శాసనం పంపి ఆ హామీలన్నిటినీ రద్దుచేసి, రాజును ఒట్టు నుంచి విముక్తుణ్ణి చేశారు. అంటే 1306 ఫిబ్రవరిలో విషార్ట్ ఒట్టు తప్పాడని మండిపడుతున్న రాజు పెట్టెలో, తన ఒట్టు తప్పడానికి అనుమతిచ్చే కాగితం సీసపు ముద్రతో సహా తళతళలాడుతోంది. ఇద్దరూ ఒట్టు తీసి గట్టునే పెట్టారు. రాజుగారు గట్టు మీద పెట్టినందుకు రసీదు తీసుకున్నారు. బిషప్ గారు తీసుకోలేదు. ఆయన నలభై మూడేళ్ల సర్వీసులో మనకు కనిపించే అసలైన పరిపాలనా లోపం ఇదొక్కటే.

జూన్‌లో మెత్వెన్ దగ్గర బ్రూస్ సైన్యం ఓడింది. అదే నెలలో ఫైఫ్‌లోని కూపర్ కోటను కాపాడుతూ బిషప్ గారు పట్టుబడ్డారు. వయసు అరవై దాటి ఉండాలి. ఒంటి మీద ఉన్నది పూజా వస్త్రాలు కాదు, ఇనుప గొలుసుల కవచం. ఈ కబురు విన్న ఎడ్వర్డు, స్వయంగా బ్రూస్ దొరికినంత సంతోషంగా ఉందని సేనానికి రాశాడు. ఆ ఏడాది పట్టుబడ్డ ప్రభువులను రాజు వరసగా ఉరితీయించాడు. అథోల్ ఎర్ల్ తాను రాజుకు చుట్టాన్నని మొరపెట్టుకుంటే, చుట్టరికానికి తగ్గట్టు మిగిలిన వాళ్లకన్నా ఎత్తైన ఉరికంబం కట్టించాడు. బిషప్‌ను మాత్రం ఉరితీయడానికి లేదు, దైవసేవకుడాయె. కాబట్టి దక్షిణ తీరంలోని పోర్చెస్టర్ కోటలో కాళ్లకు సంకెళ్లు వేసి ఉంచారు. ఆయన్ని పీఠం నుంచి తొలగించండని రాజు పోప్‌ను వేడుకున్నాడు. తనకు రసీదు ఇచ్చిన పోపే ఈ ఒక్క కాగితం మాత్రం ఇవ్వలేదు. 1307 జూలైలో ఎడ్వర్డు పోయాడు, ఖైదు కొడుక్కి సంక్రమించింది. కొంతకాలం పోప్ కొలువు దగ్గర విచారణ పేరుతో ఉంచినప్పుడు కూడా, దయచేసి ఈయన్ని స్కాట్లాండుకు మాత్రం పంపకండని రెండో ఎడ్వర్డు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. సంకెళ్లలో ఉన్న ముసలివాడి గురించి ఒక రాజవంశం రెండు తరాల పాటు ఇంత శ్రద్ధ తీసుకోవడం అరుదు.

1314 జూన్‌లో బానక్‌బర్న్ దగ్గర బ్రూస్ గెలిచాడు. పట్టుబడిన హెర్‌ఫర్డ్ ఎర్ల్‌కు బదులుగా ఇంగ్లండు బ్రూస్ భార్యను, కూతురిని, చెల్లెలిని, ఒక మేనల్లుణ్ణి, గ్లాస్గో బిషప్‌ను విడిచిపెట్టింది. అసలు మేనల్లుడే. ఒక్క ప్రభువుకు ఇంతమంది మారకం అంటే ఆనాటి ధరవరలు మనకు తెలియవు కానీ, బిషప్ గారు కొసరులో వచ్చారో అసలులో వచ్చారో ఇంగ్లిష్ వాళ్లు చెప్పలేదు. అప్పటికి ఆయనకు చూపు పోయింది. తాను దాచిన జెండా కోటల మీద ఎగరడం ఆయన విన్నదే తప్ప చూడలేదు. 1316 నవంబరు 26న, గ్లాస్గో బిషప్ పదవిలో ఉండగానే, ఆయన చనిపోయాడు.

వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో ఒకటో ఎడ్వర్డు సమాధి మీద, స్కాట్ల పాలిటి సుత్తి అన్న బిరుదు కింద, తర్వాతి కాలంలో ఎవరో లాటిన్‌లో రెండు మాటలు రాయించారు. వాటి అర్థం 'ఒట్టు నిలబెట్టుకో' అని. గ్లాస్గో కేథడ్రల్ నేలమాళిగ చర్చిలో, విషార్ట్ గారిదని చెప్పుకునే సమాధి మీద వెల్లకిలా పడుకున్న ఒక రాతి బిషప్ ఉన్నాడు. మెడ దాకా చక్కగానే ఉన్నాడు. ఆపైన తల లేదు, ఎప్పుడో ఎవరో కొట్టుకుపోయారు. ఏడో ఒట్టు వేయించుకోవాలని వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి ఎవరైనా మనిషిని పంపినా, పలకడానికి అక్కడ నోరు లేదు.